పసిపిల్లలూ, మందుకు లొంగని బ్యాక్టీరియా: 80 ఏళ్ల వెనక్కి వెళ్లి చూస్తే

1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసం చివర్లో, పెనిసిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక చిన్న కథ చెప్పారు. గొంతు నొప్పి వచ్చిన ఒకాయన పెనిసిలిన్ కొనుక్కుని చాలీచాలని మోతాదులో వాడతాడు. ఒంట్లోని స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చావదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. అది భార్యకు అంటుకుంటుంది. ఆమెకు పెనిసిలిన్ పనిచేయదు. హెచ్చరిక నిజమైంది గానీ ఉదాహరణ తప్పింది. పిల్లల గొంతుకు తరచూ సోకే స్ట్రెప్టోకాకస్ నేటికీ పెనిసిలిన్‌కు లొంగుతూనే ఉంది. ఎదురు తిరిగినవి వేరే.

వాటిలో ముందున్నది స్టెఫైలోకాకస్ ఆరియస్. పెనిసిలిన్ అణువులో నాలుగు మూలల వలయం ఒకటి ఉంటుంది. దాన్ని తెంచేసే ఎంజైమును ఈ బ్యాక్టీరియా తయారుచేసుకుంటుంది. 1950లలో 80/81 అనే రకం దేశదేశాల ప్రసూతి ఆసుపత్రులను చుట్టబెట్టింది. పుట్టిన బిడ్డలందరినీ తల్లులకు దూరంగా ఒకే గదిలో వరసగా పడుకోబెట్టే రోజులవి. ఒక బిడ్డ బొడ్డు దగ్గరి నుంచి నర్సు చేతికీ, అక్కడి నుంచి పక్క ఉయ్యాలకూ పాకేది. ఇంటికి వెళ్లాక బిడ్డకు చీముపొక్కులు, పాలిచ్చే తల్లికి రొమ్ములో గడ్డ.

1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పిల్లలకు సోకిన న్యూమోకాకస్ (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) పెనిసిలిన్‌కూ, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కూ లొంగలేదు. ఈ రెండో మందు నవజాత శిశువులకు ప్రాణాంతకం కాగలదని 1959లోనే తేలింది. టెట్రాసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఎదిగే పళ్లపై మరకలు వేస్తుంది. పెద్దలకైతే మందు మార్చి చూస్తారు, పిల్లల దగ్గర ఆ వెసులుబాటు తక్కువ. నా లెక్కలో అసలు చిక్కు ఇదే.

1997లో అమెరికాలోని మిన్నెసోటాలో 7 ఏళ్ల పాప తుంటి కీలులో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరింది. వైద్యులు చీము తీసి సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో రోజు కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఫలితం వచ్చింది: పెనిసిలిన్ కుటుంబానికే చెందిన మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్. మందు మార్చినా పాప దక్కలేదు. అంతవరకూ ఆసుపత్రులకే పరిమితమనుకున్న ఆ బ్యాక్టీరియా బయటి పిల్లలకూ సోకుతోందని, ఈ పాపతో కలిపి నలుగురి మరణాలను వివరిస్తూ 1999లో నివేదిక వెలువడింది.

మధ్యలో ఊరట లేకపోలేదు. 2000లో అమెరికాలో న్యూమోకాకస్ టీకా వచ్చాక మొండి రకాల జబ్బులు తగ్గాయి, టీకా వేయించుకోని పెద్దల్లోనూ. తర్వాత టీకాలో లేని 19ఎ రకం తలెత్తితే, 2010 నాటి కొత్త టీకాలో దాన్నీ చేర్చారు.

నవజాత శిశువుల రక్తంలో దొరికే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకు అలాంటి టీకా ఇంకా లేదు. వాళ్లకు ముందుగా ఇచ్చే ఆంపిసిలిన్, జెంటామైసిన్ మందుల జంట దశాబ్దాల నాటిది, చాలాచోట్ల క్లెబ్సియెల్లాపై పనిచేయడం లేదు. కల్చర్ ఫలితానికి మాత్రం ఇప్పటికీ ఒకటి రెండు రోజులు ఆగాలి.