తప్పు జవాబు నాడి పట్టడం

కావలి నుంచి ఒక పదో తరగతి పాప తండ్రి అడిగారు: "సూత్రం నోటికొచ్చు, అయినా వర్గ సమీకరణం తప్పుతోంది. ఎక్కడ తప్పిందో పట్టుకునేదెట్టా?"

మొదటి నుంచీ మళ్లీ చేయిస్తే చెయ్యి అలవాటు కొద్దీ అదే తప్పు చేస్తుంది. తప్పు జవాబునే నాడి చూడండి. ఏఎక్స్² + బీఎక్స్ + సీ = 0 అనే సమీకరణానికి సూత్రం (−బీ ± √(బీ² − 4ఏసీ))/2ఏ. వచ్చిన రెండు మూలాలనూ, అంటే ఎక్స్ విలువలనూ, కూడాలి, గుణించాలి. మొత్తం −బీ/ఏ, లబ్ధం సీ/ఏ రావాలి.

2ఎక్స్² − 5ఎక్స్ − 3 = 0 ఉందనుకోండి. మూలాలు 3, −1/2. మొత్తం 5/2, లబ్ధం −3/2.

పాపకు −3, 1/2 వచ్చాయా? లబ్ధం సరిపోయింది, మొత్తానికి గుర్తు తిరగబడింది. బీయే −5 కాబట్టి −బీ అంటే +5; జారింది అక్కడ. 1, 3/2 వస్తే మొత్తం సరే, లబ్ధం గుర్తు మారింది. సీ మైనస్ అని మరిచి విచక్షణిని, అంటే వర్గమూలం లోపలి బీ² − 4ఏసీని, 25 + 24 బదులు 25 − 24 చేసింది. 6, −1 వస్తే మొత్తం రెండింతలు, లబ్ధం నాలుగింతలు: 2ఏ బదులు ఉత్త 2తో భాగించింది. ఏ = 1 లెక్కల్లో ఈ జబ్బు బయటపడనే పడదు; అభ్యాసానికి అవే ఇస్తూ పోతే ఎలా? 27/4, 13/4 వస్తే మొత్తం 10, అంటే నాలుగింతలు: భాగహారం గీత వర్గమూలం కిందే ఆగిపోయింది, −బీ బయట ఉండిపోయింది. అసలు మూలాలే లేవంటే, క్యాలిక్యులేటర్లో బ్రాకెట్ లేకుండా −5² కొట్టి −25 తెచ్చుకుందేమో చూడండి.

"జవాబులో రూటు (√) పోకపోతే లెక్క తప్పు" అన్నది వట్టి మూఢనమ్మకం. ఎక్స్² − 4ఎక్స్ + 1 = 0కు 2 ± √3 నిఖార్సైన జవాబు; కూడితే 4, గుణిస్తే 1.

సమీకరణమే తప్పు రాస్తే మాత్రం ఈ నాడికి అందదు. నెల్లూరు నుంచి ఒంగోలు లెక్క కోసం 120 కిలోమీటర్లనుకుందాం. రైలు అసలు వేగం గంటకు ఎక్స్ కిలోమీటర్లు; దాన్ని 20 కిలోమీటర్లు పెంచితే అరగంట ముందు చేరుతుంది. సరైన సమీకరణం ఎక్స్² + 20ఎక్స్ − 4800 = 0. అరగంటను గంటల్లోకి మార్చకుండా 30 అని వేస్తే ఎక్స్² + 20ఎక్స్ − 80 = 0 అవుతుంది. మొత్తం, లబ్ధం చక్కగా కుదురుతాయి, రైలు మాత్రం గంటకు 3.4 కిలోమీటర్లు పోతుంది! ఒంగోలు గిత్తలు దాన్ని దాటేసి పోతాయి.

సరైన మూలాలు 60, −80. 60తో వెళ్తే 2 గంటలు, 80తో గంటన్నర. అరగంట తేడా సరిపోయింది. −80ని కొట్టేసేముందు ఒక్క క్షణం ఆగి చూడండి. మైనస్ తీసేస్తే అది పెంచిన వేగమే. ఎక్స్ స్థానంలో −(ఎక్స్ + 20) పెట్టినా సమీకరణం మారదు కనుకే అలా వచ్చింది.