‘అంతేనా’ అన్నందుకు ఒక ఉత్తరం

పెరంబూరు, చెన్నై

ప్రభువునందు ప్రియమైన మన శనివారం బైబిలు తరగతి పిల్లలకు,

మీ మేస్త్రీ తాతయ్య వందనాలు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంటూ ఇంట్లో మాత్రమే తెలుగు వినే మీకు నా రాత కూడబలుక్కుని చదవాల్సిందేనని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. చదవగలిగినవాళ్లు చదివి మిగతావాళ్లకు వినిపించండి. అర్థం కాని మాట వస్తే ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, వాళ్లకూ కాస్త సంతోషం.

పోయిన శనివారం తరగతి అయిపోయాక మీలో అందరికంటే పెద్దమ్మాయి నా దగ్గరికి వచ్చి, ఉద్యోగం దొరికిందని చెప్పింది. రెండు గదుల రక్తపరీక్షల కేంద్రంలో. ఏం పనమ్మా అంటే, “ప్రస్తుతానికి సీసాల మీద పేర్లు, నంబర్లు రాసి అతికించడం తాతయ్యా” అంది. నేను “అంతేనా” అన్నాను.

నోరు జారింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. బైబిలు సంచిలో పెట్టుకుంటూ, “కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు యోబు 8:7. అందులో ‘తుదను’ అంటే ఎన్నేళ్లు తాతయ్యా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఈ ఉత్తరం ఆమెకే రాయాలి నిజానికి. కానీ ఆ మాట అన్నది మీ అందరి ముందు కాబట్టి, వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే జరగాలి.

ముందు ఆ కార్డు సంగతి. ఏడాదికి వాగ్దానంగా ఒక్కొక్కరికీ ఒక్కో వచనం అచ్చువేసి ఇచ్చే కార్డు అది. ‘తుదను’ అంటే చివరికి అని. “నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.” మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, పెళ్లి పత్రికల మీద, కొత్త దుకాణాల గోడల మీద కనిపించే వచనం. ఎవరన్నారో చూశారా? దేవుడు కాదు, యోబు కాదు. యోబు స్నేహితుడు బిల్దదు. పిల్లలను పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషితో, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే పోయారన్నట్టు మాట్లాడి, ఆ మాట వెంటనే చెప్పిన ఊరట అది. నువ్వు పవిత్రుడివైతే బాగుపడతావు అన్న షరతు కూడా ముందు వచనంలోనే ఉంది. పుస్తకం చివర 42వ అధ్యాయంలో దేవుడు యోబు స్నేహితుల మీద కోపపడి, మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు. యోబు చివరికి బాగుపడ్డాడు, నిజమే. కానీ బిల్దదు లెక్క ప్రకారం కాదు. కార్డులు అచ్చువేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. చిన్న కాగితం మీద అధ్యాయం అంతా పట్టదు కదా! మీరు మాత్రం ఇంటికి వెళ్లి అధ్యాయం మొత్తం చదవండి.

కాబట్టి అమ్మాయీ, ‘తుదను’ అంటే ఎన్నేళ్లో నేను చెప్పలేను. కానీ నా దగ్గర ఇంకో వచనం ఉంది. దాన్ని నేను చదవక ముందే చేత్తో పట్టుకున్నాను. ఎలాగో చెబుతాను.

నేను కందుకూరు దగ్గరి పల్లె నుంచి ఈ ఊరికి వచ్చింది 1974లో, పదిహేడేళ్ల వయసులో. అప్పుడిది మద్రాసు. కట్టడం పనిలో చేరాను. ఇక్కడ మేస్త్రీని కొత్తనార్ అంటారు, తట్ట మోసే మనిషిని చిత్తాళ్ అంటారు. నేను చిత్తాళ్‌ని. ఇసుక, ఇటుక, మాలు మోసి మోసి నెత్తి మీద చుట్టకుదురు మచ్చ పడింది. ఏడాది తరువాత మా పెద్ద మేస్త్రీ, ఆర్కాడు వైపు తమిళాయన, నన్ను పిలిచి చేతిలో గుండు పెట్టాడు. తాపీ ఇస్తాడనుకున్న నాకు ఏడుపు వచ్చినంత పనయింది.

గుండు అంటే మీకు తెలియదేమో. గుండ్రటి ఇత్తడి దిమ్మ, దానికి నూలు, నూలు పైకొసకు ఒక చిన్న చెక్క. ఆ చెక్క వెడల్పు, గుండు వెడల్పు సరిగ్గా ఒకటే. చెక్కను గోడ పైఅంచుకు ఆనించి గుండును కిందికి వదిలితే, గోడ నిలువుగా ఉన్నప్పుడు గుండు గోడను తాకీ తాకనట్టు నిలబడుతుంది. సందు కనిపిస్తే గోడ ఒకవైపు వాలింది, గుండు గోడకు ఒరుసుకుంటే మరోవైపు వాలింది. అంతే విద్య. కష్టం ఎక్కడంటే, వదిలిన గుండు ఊరికే నిలబడదు, ఊగుతుంది. సముద్రపు గాలి ఉన్న రోజు మరీను. అది తనంతట తాను ఆగేదాకా ఆగాలి. నేను తొందరపడి కాలితో ఆపేవాణ్ని. మేస్త్రీ వెనక నుంచి వచ్చి మళ్లీ ఊపి వదిలేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. మొదటి మూడు వరసల్లో నూలుపోగంత తేడాను వదిలేస్తే, గోడ పదడుగులు లేచేసరికి అది వేలెడంత అవుతుంది. అప్పుడు ఏ సిమెంటు పూతా దాన్ని దాచలేదు.

ఎనిమిది నెలలు అదే పని. ఊరికి ఉత్తరం రాసినప్పుడు మాత్రం “మేస్త్రీ పనిలో ఉన్నాను” అని రాసేవాణ్ని. గుండు పట్టుకుంటున్నానని రాయడానికి సిగ్గు.

చాలా ఏళ్లకు, పెళ్లయి సంఘంలో కుదురుకున్నాక, ఒక రాత్రి జెకర్యా నాలుగో అధ్యాయం చదువుతున్నాను. “కార్యములు అల్పములై యున్న కాలమును తృణీకరించిన వాడెవడు?” అని ఉంది. ఈ మాట మీరూ వినే ఉంటారు. దాని తరువాతి మాట ప్రసంగాల్లో అంతగా వినబడదు. యెహోవా నేత్రాలు, మందిరం కట్టిస్తున్న జెరుబ్బాబెలు చేతిలో గుండునూలు ఉండడం చూసి సంతోషిస్తాయట! మందిరం చూసి కాదు. అప్పటికి మందిరం ఎక్కడుంది, పునాది తప్ప? చేతిలో గుండునూలు చూసి. నేను బైబిలు మూసి, లేచి వెళ్లి, గోడకు వేలాడుతున్న నా పాత గుండును చేతిలోకి తీసుకున్నాను.

ఆ కథ కొంచెం చెప్పాలి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేములో సొలొమోను కట్టించిన మందిరాన్ని తగలబెట్టింది. దాదాపు యాభై ఏళ్లకు, పారసీక రాజు కోరెషు అనుమతితో తిరిగి వచ్చిన యూదులు కొత్త మందిరానికి పునాది వేశారు. ఎజ్రా మూడో అధ్యాయం చదవండి. పునాది వేసిన రోజున కుర్రవాళ్లు సంతోషంతో కేకలు వేశారు. పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గొల్లుమని ఏడ్చారు. ఏది కేకో ఏది ఏడుపో జనానికి తెలియలేదట. ఆ తరువాత ఇరుగుపొరుగు వాళ్లు అడ్డుపడితే పని ఆగిపోయింది. ఎన్నాళ్లు? ఇంచుమించు పదహారేళ్లు. క్రీ.పూ. 520లో హగ్గయి, జెకర్యా అనే ప్రవక్తలు లేపితే మళ్లీ మొదలై, 516లో పూర్తయింది.

ఇందులో నాకు ముల్లులా గుచ్చుకున్నది ఒకటుంది. అల్పమైన కార్యాన్ని తృణీకరించింది కుర్రవాళ్లు కాదు, మా వయసువాళ్లు. పాత గొప్పతో కొలిచి ఏడ్చినవాళ్లు. పోయిన శనివారం నేను అన్న ‘అంతేనా’ ఆ ముసలివాళ్ల ఏడుపే.

యేసు ప్రభువు విషయమూ చూడండి. ఆయన బోధ మొదలుపెట్టేటప్పటికి ఇంచుమించు ముప్పై ఏళ్లవాడని లూకా రాశాడు. అప్పటివరకూ నజరేతులో పనిముట్లు పట్టిన చేతులవి. మన బైబిల్లో వడ్లవాడు అని ఉన్న చోట గ్రీకులో ఉన్న ‘తెక్తోన్’ అనే మాటకు కట్టడం పనివాడు అనే అర్థం కూడా ఉందట. ఇది తెలిసిన రోజున నేను కొంచెం గర్వపడ్డాను, క్షమించండి. బాప్తిస్మం తీసుకుని నీళ్లలో నుంచి పైకి వచ్చినప్పుడు, “ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను” అని ఆకాశం నుంచి శబ్దం వచ్చింది. అప్పటికి ఒక్క అద్భుతమైనా జరిగిందా? కొండమీది ప్రసంగం జరిగిందా? తండ్రి ఆనందించింది నజరేతు ముప్పై ఏళ్లను చూసి.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. మీరు రోజూ ముక్కు మూసుకుని దాటే బకింగ్‌హామ్ కాలువ ఉందే, పైన రైలు స్తంభాలు నిలబడి ఉంటాయి చూడండి, దానికీ మన సంఘాలకూ సంబంధం ఉంది. 1836లో శామ్యూల్ డే అనే అమెరికా మిషనరీ తెలుగువారి కోసం వచ్చారు. కొన్నాళ్లు ఇక్కడే మద్రాసులో ఉండి, 1840లో నెల్లూరు వెళ్లారు. ఏళ్లు గడిచినా ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. పంపినవాళ్లు ఈ పని మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1854 జనవరి 1న, తెల్లవారుజామున, డే గారి తోటి మిషనరీలు జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు, ఒంగోలులో ఒక గుట్ట ఎక్కి ఆ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. మనిషి వచ్చి ఒంగోలులో స్థిరపడ్డది 1866లో. ఆయనే క్లౌ దొర. పన్నెండేళ్లు!

ఆ తరువాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. జనానికి కూలి దొరకాలని ప్రభుత్వం కాలువ తవ్వించింది. చెన్నైలో కూవం, అడయారు నదులను కలిపే ముక్క ఆ కరువులో తవ్విందే. ఒంగోలు వైపు మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. తట్టలు మోసినవాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం ఆగేదాకా ఆగారు. ఊగే గుండును కాలితో ఆపని మనిషి! 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను మన ప్రసంగీకులు చాలా ఇష్టంగా చెబుతారు. నాకు మాత్రం అయిదు అనే అంకె ఎక్కువ ఇష్టం. డే గారు ఆరోగ్యం చెడి 1853లోనే స్వదేశం వెళ్లిపోయారు. ఈ 2,222ను చూడకుండానే కన్నుమూశారు. ఆయన ‘తుద’ ఏది మరి? అందుకే ఆ కార్డును పట్టుకుని రోజులు లెక్కపెట్టొద్దంటున్నాను.

రక్తపరీక్షల పనిలో చేరిన మా అమ్మాయి కోసం వేలూరు మాట ఒక్కటి. మనవాళ్లు చిత్తూరు, నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్లే ఆ పెద్దాసుపత్రిని డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టారు. ఒక్క మంచం ఉన్న రోజున కూడా ఆ మంచం మీది మనిషికి మందు సరిగ్గా అందాలి కదా. నీ సీసా మీది పేరు తప్పయితే ఒకరి జబ్బు ఇంకొకరిదవుతుంది. తరువాత ఎంత పెద్ద డాక్టరు చూసినా ఆ గోడ నిలువుగా లేవదు.

ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. చిన్న పనిని ఓర్చుకోవడం వేరు, కూలి ఎగ్గొట్టేవాణ్ని ఓర్చుకోవడం వేరు. నా కుర్రతనంలో ఒక కాంట్రాక్టరు మూడు వారాల కూలి ఇవ్వకుండా తిప్పాడు. “క్రైస్తవుడివి, సహనం ఉండాలి” అని నాకే నీతి చెప్పాడు. తొలకరి వర్షం, కడవరి వర్షం కోసం ఓపికతో కాచుకునే రైతును చూపించింది యాకోబు పత్రిక అయిదో అధ్యాయం. అదే అధ్యాయంలో, దానికి మూడు వచనాల ముందే, బిగపట్టిన కూలి మొఱ్ఱ పెడుతోందని, అది దేవుని చెవిన పడిందని కూడా ఉంది. స్కూటర్ల షెడ్డులో చేరిన మా అబ్బాయి ఇది రెండుసార్లు చదవాలి. నెల జీతం తేదీ దాటితే మర్యాదగా అడుగు. అవసరమైతే నేనూ వస్తాను.

వచ్చే శనివారం నా ఇత్తడి గుండు తెస్తాను. నూలు పాతబడింది, కొత్తది కట్టాను. మన తరగతి జరిగే గది వెనక గోడకు పెట్టి చూద్దాం. ఆ గోడ నేను కట్టింది కాదు కాబట్టి వంకర కనిపిస్తే ధైర్యంగా నవ్వొచ్చు. గుండు ఆగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, అదొక్కటే షరతు.

అమ్మాయీ, పాఠం ఆ రోజు నాది కాదు, నీది. రోజుకు ఎన్ని సీసాలు వస్తాయి, ఒకే పేరు గల ఇద్దరు వస్తే ఏం చేస్తావు, ముందు పేరు రాసి రక్తం తీస్తారా, తీసి రాస్తారా, అన్నీ మాకు చెప్పాలి. నేను ముందు వరసలో కూర్చుంటాను. చాలా ప్రశ్నలు అడుగుతాను. ఆ ఒక్క మాట మాత్రం అనను.

మీ
మేస్త్రీ తాతయ్య