రక్తం పలుచన గోలీ: ఆపే ముందు చూడాల్సినవి

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోవు, ఊరికే వణుకుతుంటాయి. ఎడమ పై గదికి చిన్న సంచిలాంటి భాగం ఒకటి ఉంటుంది. వాల్వు జబ్బు లేనివాళ్లలో నూటికి 90 రక్తపు గడ్డలు అందులోనే కడతాయి. అక్కడి నుంచి జారి మెదడు రక్తనాళంలో ఇరుక్కుంటే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. రక్తం పలుచన చేసే గోలీ సక్రమంగా వాడితే అందులో మూడింట రెండు వంతులు తగ్గుతుంది.

చిగుళ్ల నుంచి నాలుగు చుక్కల రక్తం కనబడగానే ఇంట్లోవాళ్లు ఈ గోలీనే ఆపేస్తారు. చాలాసార్లు ఆపాల్సింది దాని పక్కనున్న ఇంకోదాన్ని. నాట్లప్పుడు మోకాళ్ల నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకునే డైక్లోఫెనాక్ కడుపు లోపలి పొరను పుండు చేస్తుంది, రక్తం గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లనూ మందగింపజేస్తుంది. 160 దాటిన పై బీపీ, రోజూ తాగే మద్యం కూడా రక్తస్రావాన్ని పెంచేవే. డాక్టర్లు వేసే రక్తస్రావం స్కోరు ఇలాంటివి వెతికి సరిచేయడానికే తప్ప, గోలీ మాన్పించడానికి కాదు.

‘ఇది వద్దు, ఆస్పిరిన్ వేసుకుంటా’ అనడం ఇంకా నష్టం. పాత రక్తం పలుచన మందు వార్ఫరిన్ వాడలేనివాళ్ల మీద జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో ఆస్పిరిన్‌తో పోలిస్తే ఎపిక్సాబాన్ అనే కొత్త రక్తం పలుచన మందు పక్షవాతాన్ని సగానికి పైగా తగ్గించింది. పెద్ద రక్తస్రావాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్టెంటు పడ్డవాళ్ల లెక్క వేరు.

మోతాదు దగ్గర తప్పులు ఎక్కువ. నర్సంపేట వైపు 76 ఏళ్ల అవ్వ ఉందనుకుందాం: బరువు 48 కిలోలు, బీపీ, షుగర్ ఉన్నాయి, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.1. రిపోర్టులో అది నార్మల్‌గానే కనబడుతుంది. కానీ వయసు, బరువు కలిపి లెక్కేస్తే కిడ్నీలు నిమిషానికి 33 మి.లీ. మాత్రమే వడకడుతున్నాయి. ఇంకో కొత్త మందు రివరోక్సాబాన్ అయితే 20 బదులు 15 మి.గ్రా., అదీ అన్నంతోనే వేసుకోవాలి. ఎపిక్సాబాన్ అయితే 80 ఏళ్లు నిండడం, 60 కిలోలకు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన ఉండడం, ఈ మూడింట్లో రెండు ఉంటేనే 5 నుంచి 2.5 మి.గ్రా.కు తగ్గించాలి. అవ్వకు బరువొక్కటే ఉంది కాబట్టి పూటకు 5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. ‘ముసలిదానికి తక్కువే మంచిది’ అని సగం చేస్తే గడ్డకు దారి ఇచ్చినట్టే. కిడ్నీ పరీక్ష ఎన్ని నెలలకోసారి అన్నదానికి ఆ వడకట్టే లెక్కను పదితో భాగించాలి: 33కి 3 చిల్లర, అంటే మూడు నెలలకోసారి.

కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వు బాగా ఇరుకైనవాళ్లకు, లోహపు వాల్వు వేసినవాళ్లకు ఈ కొత్త మందులు పనికిరావు. వాళ్లకు వార్ఫరిన్ లేదా అదే తరహా ఎసిట్రోమ్ తప్పదు, ఐఎన్‌ఆర్ అనే పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పేది) కూడా చూసుకుంటుండాలి. ఇరుకు వాల్వుకు అది 2–3 మధ్య ఉండాలి. పుంటికూర, పాలకూర మానక్కర్లేదు. వారమంతా ముట్టక ఒక్కరోజే కుండెడు తినడంతోనే ఐఎన్‌ఆర్ తారుమారవుతుంది.

రెండుపూటల గోలీ మరిస్తే 6 గంటలలోపు వేసుకోవచ్చు. అది దాటితే వదిలేసి తర్వాతి పూటది వేసుకోవాలి, రెండూ కలిపి మింగొద్దు. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినా, మలం తారులా నల్లగా వచ్చినా వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి పోవాలి. గోలీ పేరు, చివరిది ఎన్ని గంటలకు వేసుకున్నారో అక్కడ ముందే చెప్పాలి. విరుగుడు ఇవ్వాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.