వెట్టి నుంచి విడిపించాక చేతిలో పెట్టే డబ్బు, దాని వెనక కథ

మా కోనసీమలో ఉగాది అంటే పాలేరు కుదిరే రోజు కూడానండి. 1970ల్లో నేను చిన్నపిల్లాణ్ణి, తాతయ్య అరుగు మీద ఖాతా పుస్తకం తెరిచేవారు, పాలేరు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడేవాడు, ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం అని మాటనుకుని, కూతురి పెళ్లికి వాడుకున్న బాకీ అందులోంచి పట్టేసి, తీరనిది మళ్లీ కొత్త పేజీలో రాసేవారు. ఒక పేజీలో తండ్రి పేరు కొట్టేసి అదే అంకె పక్కన కొడుకు పేరు రాసుంది, అది నా కళ్లారా చూశాను. మావాళ్లు దాన్ని వెట్టి అనుకోలేదు, కానీ అది వెట్టే.

1975 అక్టోబర్ 25 నుంచి ఆర్డినెన్స్ అమల్లోకి వచ్చింది, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమైంది. అలాంటి బాకీలన్నీ రద్దు, ఇది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినోడే. బానే ఉంది, మరి విడిపించిన మనిషి మర్నాడు ఏం తినాలి? పొయ్యి వెలగకపోతే మళ్లీ అదే గుమ్మం ముందుకొచ్చి నిలబడాల్సిందే కదా. అందుకే 1978లో పునరావాస స్కీం పెట్టి మనిషికి 4,000 అన్నారు, సగం కేంద్రం సగం రాష్ట్రం. 1986లో 6,250, 1995లో 10,000, 2000లో 20,000. తర్వాత 16 ఏళ్లు ఆ అంకె కదల్లేదు, ఆ 16 ఏళ్లలో పాడిగేదె రేటు ఎంత పెరిగిందో ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

2016లో మార్చారు, ఖర్చు మొత్తం కేంద్రానిదే. మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ 2 లక్షలు, ట్రాఫికింగ్, అంటే మనుషుల్ని అక్రమంగా తరలించి అమ్మేయడం, లాంటి దారుణమైన కేసుల్లో 3 లక్షలు. కానీ పెద్ద మొత్తాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు, నాకు ఇదే మింగుడుపడదు, కోర్టు వాయిదాలకీ ఆ మనిషి ఆకలికీ ఏంటి సంబంధం? వెంటనే ఇచ్చే సాయం 2022లో 30,000 దాకా పెంచారు, అది మాత్రం మంచి పని.

కనీస కూలికన్నా తక్కువిచ్చి చేయించుకున్నా అది వెట్టేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కూలీల కేసులో, అంటే ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసులో, చెప్పింది. అలా చూస్తే పాలేరు పద్ధతి పోయినా వెట్టి పోలేదు, గోదావరి గట్టున కడియం, ఆలమూరు వైపు ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి పెళ్లాం పిల్లల్తో కూలీలొస్తారు, మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, వారం ఖర్చులకి కొంత చేతికిస్తే అది తింటూ, సీజన్ అయ్యాక లెక్క. అడ్వాన్స్ తీరలేదు కాబట్టి కదలడానికి వీల్లేదు అన్నారంటే అక్కడే వెట్టి మొదలైనట్టు. అప్పుడు కలెక్టరో ఆర్డీవోనో రిలీజ్ సర్టిఫికెట్, అంటే ఈ మనిషిని వెట్టి నుంచి విడిపించామనే కాగితం, రాసివ్వాలి, ఆ కాగితం లేకపోతే రూపాయి రాదు.

మా వీధిలో ఒకావిడ ఇంటిపనికని కువైట్ వెళ్లింది. పాస్‌పోర్ట్ ఆ ఇంటివాళ్లే దాచేసుకున్నారు, నెలలకి నెలలు జీతం లేదు, ఎలాగో ఎంబసీకి చేరింది. విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఒకటుంది, తలదాచుకునే చోటు, జరిమానాలు, ఇంటికి టికెట్, ఇలాంటివి దాన్లోంచి ఇస్తారు. ఈవిడా ఆ టికెట్ మీదే వచ్చింది. ఇంటికొచ్చాక ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ అలాగే నడుస్తోంది. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్ట్ లేనివాళ్లు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం, దాచుకుంది, జరిగినదానికి ఆవిడ దగ్గరున్న కాగితం అదొక్కటే, అది రిలీజ్ సర్టిఫికెట్ కాదు.