"ఒక్క ఛాన్స్ చాలు" అనేవాళ్లకి: నటుల కెరీర్ మీద అపోహలు - వాస్తవాలు

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో అప్రెంటిస్‌గా చేరి పద్నాలుగేళ్లయింది. ఇప్పుడు కో-డైరెక్టర్‌ని. ఆర్టిస్టుల డేట్లు చూసుకోవడం, ఆడిషన్లు పెట్టడం, సెట్‌లో ప్రాంప్టింగ్ ఇవ్వడం, అంటే షాట్ జరుగుతుండగా పక్కనుంచి డైలాగ్ అందించడం, నా పని. ఊళ్లో ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు ఫోన్‌లో వాళ్లబ్బాయి ఫొటోలు చూపించి "ఒక్క ఛాన్స్ ఇప్పించు బాబూ, మిగతాది వాడే చూసుకుంటాడు" అంటారు. నాకు చిక్కు వచ్చేది ఆ "మిగతాది" దగ్గరే.

అపోహ: ఒక్క సినిమా ఆడితే రాత్రికి రాత్రే స్టార్.

వాస్తవం: ఆ రాత్రి చాలా పొడుగ్గా ఉంటుంది. రవితేజ 1990లో "కర్తవ్యం"లో చిన్న వేషం వేశారు. 1996లో కృష్ణవంశీ దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశారు. 1997లో "సిందూరం"తో జనం గుర్తుపట్టారు, 1999లో హీరో అయ్యారు. మాస్ హీరోగా నిలబెట్టిన "ఇడియట్" వచ్చింది 2002లో. లెక్కేస్తే పన్నెండేళ్లు. విజయ్ దేవరకొండ పేరు 2016, 2017లలో మారుమోగింది కానీ, తెర మీదకు వచ్చింది 2011లో.

మరి ఆ మధ్య కాలంలో ఏం చేయాలి? జిమ్‌కెళ్లి, ఫొటోషూట్లు చేయించుకుని, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. అలా కూర్చోనివాళ్లను చూడండి. సిద్ధు జొన్నలగడ్డ 2009 నుంచి సినిమాల్లో ఉన్నా పెద్ద హిట్టు 2022లో తగిలింది. ఆ "డీజే టిల్లు" రచనలో ఆయన చెయ్యి ఉంది. అడివి శేష్ "క్షణం" కథ ఆయనదే. "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ" రాసినవాళ్లలో నవీన్ పొలిశెట్టి ఒకరు. ముగ్గురూ తమకు ఏ వేషం నప్పుతుందో ఎవరో కనిపెట్టేదాకా ఆగలేదు, వాళ్లే రాసుకున్నారు. అందరూ రాయలేరు, నిజమే. కానీ స్క్రిప్టు చదవడం కూడా రాకుండా వచ్చేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ముందు జూనియర్ ఆర్టిస్టుగా దూరిపోతే ఎవరి కంట్లోనైనా పడతాం.

వాస్తవం: అది వేరే దారి. పెళ్లి సీనుకి యాభై మంది కావాలని ఏజెంటుకి చెబుతాం, పొద్దున్నే బస్సులో వస్తారు. గుంపులో ఒక మొహం బాగా రిజిస్టర్ అయిందంటే, అదే సినిమాలో ఆ మనిషికి డైలాగున్న వేషం ఇవ్వడం ఇంకా కష్టం. "వీడు ఇందాక పెళ్లిలో భోంచేశాడు కదా" అని ఎడిటింగ్‌లోనే దొరికిపోతాం. జూనియర్ ఆర్టిస్టు పని కూలి గిట్టే పనే, అందులో తక్కువతనం ఏమీ లేదు. మెట్టు మాత్రం కాదు.

ఇక డబ్బు కడితే వేషం గ్యారంటీ అనే మాట. వేషానికి ఆర్టిస్టు డబ్బు తీసుకుంటాడు, ఇవ్వడు. రిజిస్ట్రేషన్ ఫీజు, కాస్ట్యూమ్ డిపాజిట్ అంటూ ఎవరైనా అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

అపోహ: మన క్లోజప్‌లో బాగా చేస్తే చాలు.

వాస్తవం: కొత్తవాళ్లను మేము అంచనా వేసేది ఎక్కువగా సజెషన్‌లో. ఎదుటి ఆర్టిస్టు క్లోజప్ తీస్తున్నప్పుడు ఫ్రేము అంచున మన భుజమో, తల వెనక భాగమో కనిపించేలా నిలబడడమే సజెషన్ ఇవ్వడం. మొహం కనపడదు కాబట్టి చాలామంది డైలాగ్ అప్పజెప్పినట్టు చెప్పేసి ఊరుకుంటారు. ఒకసారి ఒక సీనియర్ నటి ఏడ్చే సీను. ఎదురుగా కొత్త కుర్రాడు సజెషన్‌లో ఉన్నాడు. అప్పటికే అతని క్లోజప్ అయిపోయింది. అయినా ఏడు టేకుల్లోనూ కళ్లలో నీళ్లు పెట్టుకునే డైలాగ్ చెప్పాడు. ప్యాకప్ అయ్యాక ఆవిడ మా డైరెక్టర్ దగ్గరికొచ్చి "ఆ అబ్బాయి ఎవరు?" అని అడిగారు. తర్వాతి షెడ్యూల్లో అతనికి రెండు సీన్లు పెరిగాయి. సినిమాలో ఆ షాట్‌లో కనిపించేది అతని చెవి ఒక్కటే.

అపోహ: షూటింగ్ అయిపోతే నటన అయిపోయినట్టే.

వాస్తవం: మన సినిమాల్లో సెట్‌లో రికార్డు చేసేది చాలావరకు పైలట్ ట్రాకే, అంటే తర్వాత డబ్బింగ్‌కి ఆధారంగా పనికొచ్చే తాత్కాలిక శబ్దమే. వెనక జనరేటర్ మోత, మా ప్రాంప్టింగ్ అన్నీ అందులో ఉంటాయి. నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో, ఏసీ గదిలో ఒక్కడే నిలబడి, ఎండలో పరిగెత్తిన రోజు ఆయాసాన్ని మళ్లీ గొంతులోకి తెచ్చుకోవాలి. పెదవి కలవాలి, భావం జారకూడదు. అది కుదరకే ఎంతోమందికి వేరేవాళ్ల గొంతు పెడతారు. సమంతకు 2010లో మొదటి సినిమా నుంచి ఏళ్ల తరబడి చిన్మయి డబ్బింగ్ చెప్పారు. 2018లో "మహానటి"కి సమంతే సొంతంగా చెప్పుకున్నారు. తెలుగింట పుట్టినవాళ్లకి ఈ బాధ లేదనుకోకండి. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్ మాట్లాడి ళ, ణ పలకడం మర్చిపోయినవాళ్లని మైకు ముందు నిలబెట్టి పూటలు పూటలు గడిపాను.

మొన్నటి పెళ్లిలోనూ ఒక అబ్బాయిని చూపించారు. మనిషి బాగున్నాడు. రెండు నిమిషాల వీడియో పంపమన్నాను. మామూలు చొక్కా, కిటికీ వెలుతురు, ఫిల్టర్ వద్దు, ఏ హీరో డైలాగూ వద్దు, మీ ఊరి యాసలో మీ తాత గురించి చెప్పు అన్నాను. వాట్సాప్‌లో ఇప్పటికి పదకొండు ఫొటోలు వచ్చాయి. వీడియో ఇంకా రాలేదు.