పింజ రంగు వెనుక ఉన్న వేట చరిత్ర

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, మల్కన్‌గిరి ప్రాంతాల తెలుగు కుటుంబాల పిల్లలు విలువిద్యలో చేరి, సొంతంగా బాణాలు కొనుక్కునే దశకు వచ్చేసరికి పింజకు, అంటే బాణం తోకకు అమర్చే ఈకలకు, ఏ రంగు ఎంచుకోవాలన్న ప్రశ్న ఎదురవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికాలో విల్లుతో జింకలను వేటాడేవారు తమ అవసరాల కోసం చెప్పుకున్నవే. నారింజ రంగు జింకకు ఆనదనీ, తెలుపు వాడితే జంతువు బెదురుతుందనీ వినిపించే మాటలు అక్కడివే. వేట నిషేధమైన ఈ సరిహద్దు జిల్లాల్లో ఆ సలహాను ఎంతవరకు పాటించాలో తేలాలంటే అది ఎక్కడ, ఎందుకు పుట్టిందో తెలియాలి.

బాణం తోకను గాలిలో కాస్త వెనక్కి పట్టి ఉంచి, మొన ముందుకే సాగేలా చూడడం పింజ పని. ఇనుప అలుగు (మొన) బరువుగా ఉన్న బాణం పింజ లేకపోయినా కొద్ది దూరం నిలకడగానే పోతుంది గానీ, దూరం పెరిగేకొద్దీ ఈక అవసరం తెలిసివస్తుంది. ఈ పనికి రంగుతో సంబంధం లేదు. అందువల్ల చాలా శతాబ్దాల పాటు ఏ పక్షి ఈక దొరికితే దాని రంగే పింజ రంగు అయింది. మన ధనుర్వేద గ్రంథాలు కాకి, హంస, నెమలి, గద్ద, రాబందు వంటి పక్షుల ఈకలను పేర్కొన్నాయి తప్ప వాటి రంగులను బట్టి ఎంచుకోమనలేదు. ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీ 1417లో ఒక్కో పెద్దబాతు నుంచి ఆరేసి రెక్క ఈకలు సేకరించమని ఆజ్ఞాపించినప్పుడు కూడా సైన్యానికి సరిపడా ఈకలు సమకూర్చుకోవడమే ఆయన ఉద్దేశం.

నెమలి పింఛం చూడడానికి ఎంత అందంగా ఉన్నా దాని పోగులు విడివిడిగా ఉంటాయి కాబట్టి పింజకు నిలవదు. పనికొచ్చేది బిరుసుగా ఉండే రెక్క ఈక, మగ నెమలికైతే అది ఇటుక రంగులో ఉంటుంది. ఈక కాడను నిలువునా చీల్చి, సన్నగా గీకి, బాణం కర్రకు అతికించి, దారంతో చుట్టి కడతారు. కుడి రెక్క ఈకలు ఒక వైపు, ఎడమ రెక్క ఈకలు మరో వైపు వంగి ఉంటాయి గనుక ఒకే బాణానికి రెండింటినీ కలపకూడదు. కలిపితే బాణం తిన్నగా పోదు.

రంగుకు మొదటిసారి పని పడింది బహుశా మూడో ఈక దగ్గరే. మూడు ఈకల బాణాన్ని అల్లెతాడుకు తగిలించేటప్పుడు ఒక ఈక వింటికి దూరంగా, బయటి వైపుకు తిరిగి ఉండాలి; లేకపోతే ఈక వింటి కర్రకు రాసుకుని గురి చెదురుతుంది. ఆ ఒక్క ఈక వేరే రంగులో ఉంటే చూపు పడగానే చెయ్యి సరిగ్గా తిప్పుకుంటుంది. 16వ శతాబ్దపు ఇంగ్లండులో తక్కిన రెండూ తెల్లవైతే దీనిని నల్లదో బూడిద రంగుదో పెట్టేవారు. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మారని రంగుల నియమం ఇదొక్కటేనని నా అభిప్రాయం.

రెండో అవసరం ఆనవాలు. గుంపుగా వేటాడినప్పుడు ఎవరి బాణం తగిలిందో తేలాలి. కోరాపుట్ ప్రాంతంలో చైతీ పరబ్ నాడు, మన విశాఖ మన్యంలో ఇటుకల పండుగ నాడు మగవాళ్లంతా కలిసి అడవికి వేటకు వెళ్లే ఆచారం ఉండేది. ఆ ఆచారం చుట్టూ చట్టం మెల్లమెల్లగా బిగుసుకుంది. ఈ ప్రాంతంలో అధిక భాగం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది; 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో వేటను నియంత్రించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని జంతువుల వేటకు లైసెన్సు మీద వీలుంచినా, 1991 సవరణ ఆ దారిని దాదాపుగా మూసేసింది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులను ఎన్నింటినో గుర్తించినప్పటికీ వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. రాలిన తోక ఈకలకు ఉన్న సడలింపు రెక్క ఈకకు వర్తించదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు అంతరించే స్థితికి చేరాయి. పాత పద్ధతి మీద ప్రేమతో ఈ పక్షుల ఈకల కోసం వెతికే యువకులు దయచేసి ఆ ఆలోచన మానుకోవాలి. రంగు వేసిన టర్కీ కోడి ఈకలు, ప్లాస్టిక్ పింజలు బజారులో దొరుకుతున్నాయి.

ఇక నేటి సలహాలకు మూలమైన అమెరికా వేట సంగతి. విస్కాన్సిన్ రాష్ట్రం 1934లో విల్లు వేటకు ప్రత్యేక అనుమతి ఇచ్చింది. హోలిస్ అలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసిన కప్పీల విల్లు, అంటే కాంపౌండ్ విల్లు, వ్యాపించాక బాణం వేగం సెకనుకు 300 అడుగుల దరిదాపులకు చేరింది. అంత వేగంలో బాణం ఎక్కడ తగిలిందో కంటికి ఆనడం కోసం కొట్టొచ్చినట్టుండే రంగులు వచ్చాయి. వేటగాడికి మరో కారణమూ ఉంది: జంతువు శరీరంలోంచి దూసుకుపోయిన బాణాన్ని ఏరి, పింజ మీది రక్తం నురగతో ఎర్రగా ఉందా, ముదురుగా ఉందా అని చూసి గాయం ఊపిరితిత్తులకో కాలేయానికో తగిలిందని తెలుసుకుని, ఎంతసేపు ఆగి వెంబడించాలో నిర్ణయించుకుంటాడు. ఆ రక్తం స్పష్టంగా కనబడేది తెలుపు వంటి లేత రంగుల మీదే.

అదే తెలుపు జంతువుకూ కనబడుతుందన్న భయం ఇంకో పక్క ఉంది. తెల్లతోక జింకల మీద 1990లలో జరిగిన పరిశోధనల్లో వాటి కంటికి నీలం, ఆకుపచ్చ కాంతులను పట్టే రెండు రకాల శంకు కణాలే ఉన్నాయని తేలింది. అందుకే మనకు మండిపోతున్నట్టు కనబడే నారింజ, ఎరుపు వాటికి మసకగానే ఉంటాయి; నీలం, తెలుపు మాత్రం ఇట్టే ఆనుతాయి. అడవికోడి వంటి పక్షుల విషయంలో ఈ లెక్క పనిచేయదు, ఎందుకంటే పక్షులు మనకంటే ఎక్కువ రంగులు చూడగలవు.

మనం సాధన చేసే మైదానాల్లో జింక లేదు, కాబట్టి జింక కంటి లెక్కతో పని లేదు. నీలమైనా తెలుపైనా నిశ్చింతగా వాడుకోవచ్చు. చూడవలసినది గురి తప్పిన బాణం ఎక్కడ పడుతుందన్నదే. చైత్రంలో సాల చెట్ల ఎండుటాకులు గోధుమ, ఎరుపు రంగుల్లో నేలంతా పరుచుకున్నప్పుడు ఎర్ర పింజ వాటిలో కలిసిపోతుంది, నిమ్మపచ్చ తేటగా కనబడుతుంది. వానాకాలపు గడ్డిలో ఇది తారుమారై గులాబీ, నారింజ అక్కరకొస్తాయి. సాయంత్రం వెలుగు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు అన్నిటికంటే ముందు నల్లబడుతుంది గనుక పొద్దువాలాక సాధన చేసేవారు దానిని ఎంచుకోకపోవడం మేలు.

పోటీలకు వెళ్లేవారికి ఆనవాలు పాత అవసరమే అయినా ఇప్పుడు అది నియమంగా మారింది. ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల ప్రకారం ఒక విడతలో వేసే బాణాలన్నింటి పింజల రంగు, అమరిక ఒకేలా ఉండాలి, బాణం మీద ఆటగాడి పేరో పొడి అక్షరాలో ఉండాలి. బయటి ఈకకు వేరే రంగు పెట్టుకోవచ్చు గానీ అన్ని బాణాలకూ అదే రంగు పెట్టాలి. శిక్షకులకు ఒక విన్నపం: మగపిల్లల్లో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. గడ్డిలో పడిన ఎర్ర పింజ బాణాన్ని పదేపదే వెతుక్కునే పిల్లవాణ్ణి అశ్రద్ధ అని మందలించే ముందు కంటి పరీక్ష చేయించి, పసుపు పింజో నీలం పింజో చేతికిచ్చి చూడాలి.