మూడు నెలల్లో అలవాటు పడిపోతారా? వృద్ధాశ్రమాల లెక్కలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆశ్రమంలో చేరిన పెద్దవాళ్లు మూడు నెలల్లో సర్దుకుంటారు. సర్వేలే చెబుతున్నాయి.

ఏ సర్వేలు? హనుమకొండలో పరిశోధక విద్యార్థులు నా దగ్గరకు తెచ్చే పట్టికల్లో పదేపదే కనిపించేది ఒకటే. చేరినప్పుడు అందరినీ అడుగుతారు, మూడు నెలలకు మిగిలినవాళ్లను అడుగుతారు, కుంగుబాటు సగటు తగ్గిందని రాసేస్తారు. మరి మిగలనివాళ్లో?

వృద్ధుల కుంగుబాటు కొలిచే జీడీఎస్ చిన్న ప్రశ్నావళిలో 15 ప్రశ్నలు. మార్కులు పెరిగేకొద్దీ కుంగుబాటు ఎక్కువ. పది మందిలో ఆరుగురికి 5, నలుగురికి 12 వచ్చాయనుకోండి. సగటు 7.8. ఆ నలుగురూ ఆశ్రమం వదిలేస్తే సగటు 5కు దిగుతుంది. ఒక్కరి మార్కూ మారలేదు!

ఒక అమ్మాయి "ఖాళీ గడులున్న వరుసలు తీసేశాను సార్" అంది, పెద్ద పని చక్కబెట్టినట్టు. ఆశ్రమం రిజిస్టర్ తెప్పించి చూశాం. తీసేసిన ఒక పేరు పక్కన ఎర్ర సిరాతో "కొడుకు వచ్చి తీసుకెళ్లాడు" అని ఉంది. మొదటి విడతలో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆ పెద్దావిడవే.

ఎందుకు వెళ్లారో, ఎప్పుడు వెళ్లారో రాసుకోండి. మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతి వాడితే ఒక్కసారే జవాబిచ్చినవాళ్లూ లెక్కలో ఉంటారు. కుంగిపోవడం వల్లే వెళ్లిపోతున్నారని అనుమానముంటే అదీ చాలదు. మార్కులనూ వెళ్లిపోయిన సమయాన్నీ కలిపి చూసే జాయింట్ మోడల్ కావాలి. డేటా ఎందుకు లోపించిందన్నది ముఖ్యమని గణాంక శాస్త్రవేత్త రూబిన్ 1976లోనే తేల్చాడు. మనవాళ్లు ఇంకా వరుసలు చెరిపేస్తున్నారు.

దీని నష్టం థీసిస్‌తో పోదు. కరీంనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు: "నాలుగో నెల సార్, అమ్మ ఇంకా సరిగా తినడం లేదు. మొండితనమా?" కాదు నాయనా. ఆ గడువు ఎవరో వేసిన సగటు, మీ అమ్మగారిది కాదు. ఆగకుండా డాక్టరుకు చూపించమన్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇళ్లలో ఉన్నవాళ్లకన్నా ఆశ్రమాల్లో కుంగుబాటు ఎక్కువ కనబడితే తప్పు ఆశ్రమానిదే అనలేం. తోడు పోయి, జబ్బుపడి వచ్చినవాళ్లు చేరేనాటికే ఎలా ఉన్నారో తెలియాలి. నిజంగా తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనబడే అవకాశాన్ని చెప్పే పీ విలువ 0.05 దాటలేదని సంబరపడకండి. నమూనా పెద్దదైతే అర మార్కు తేడాకూ అంత చిన్న పీ విలువ వస్తుంది. ఇక ప్రశ్నావళి ప్రామాణికమైతే జవాబులూ నిజమేనన్న భ్రమ! వార్డెన్ పక్కనుంటే "అంతా మంచిగనే ఉంది బిడ్డా" తప్ప మరో మాట రాదు. ముందు ఆయన్ని టీకి పంపి, అప్పుడు అడగండి.